ఆకుపచ్చ కారుకి ఒక వెక్కిరింత

కాస్కేడ్, నార్ఫోక్ దీవి
సోమవారం

మరిది పార్కిన్‌కి,

ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో అడగదలుచుకోలేదు. నీతో ఈ జన్మలో మాట్లాడనని నిన్న ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరం రాయనని పెట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. ఫోన్ చేసి తిడదామంటే మన లైను మీద పక్కింటి జెస్సీ చెవి అతికించుకునే ఉంటుంది.

సంగతేమిటంటే, ఈ ఏడు కృతజ్ఞతల పండుగకి మొక్కజొన్న కర్రలు, గుమ్మడికాయలు తెచ్చి చర్చి అలంకరిస్తే చాలదన్నాడు కొత్త పాస్టరు. ఇంటికొకరు లేచి నిలబడి, దేవుడు రోజూ ఇచ్చే చిన్న చిన్న సంతోషాలు పది చెప్పాలట. పది! సిడ్నీ నుంచి నిన్నగాక మొన్న దిగిన మనిషి, ఆయనకేం తెలుసు మన బతుకులు. కిందా మీదా పడి తొమ్మిది పోగుచేశాను. చర్చి నుంచి రాగానే బిగుతు చెప్పులు విప్పి విసిరేయడం. మాడిన రొట్టె అంచుకి ఇంత వెన్న రాసుకుని తినడం. ఓడ రాక పిండి అయిపోయి, వంట తప్పడం. జెస్సీ కోడిపుంజు చచ్చిపోవడం. ఇలాంటివే మిగతావీనూ.

పదోది నువ్వు. ఉబ్బిపోకు, విను. మీ అన్న విల్ఫ్రెడ్‌ని పూడ్చిన రోజు అందరూ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, నువ్వు శ్మశానం గేటు దగ్గర నిలబడి ముక్కు మీద బొటనవేలు పెట్టి, మిగతా వేళ్ళు ఆడించి, నాలుక చాపి వెక్కిరించావు. నేను పకపకా నవ్వేశాను. అప్పటి నుంచి రోజూ పొద్దున పోస్టాఫీసుకి వెళ్తుంటే, బేకరీ మలుపులో నీ కారు ఎదురొచ్చి అదే వెక్కిరింత. ఆ పూటకి నాకది చాలు. ఇంట్లో ఇంకెవరున్నారు నన్ను వెక్కిరించడానికి?

అలాంటిది ఇప్పుడు వారాల తరబడి నన్ను దాటుకుని చక్కా పోతున్నావు. వెక్కిరింత మాట దేవుడెరుగు, చెయ్యైనా ఊపవు. ఈ దీవిలో మనం పోలీసుకీ ఊపుతాం, వాడు పట్టుకున్న దొంగకీ ఊపుతాం! నేనేం పాపం చేశానో రాయి. లేకపోతే పండుగనాడు చర్చిలో మన కుటుంబం బెంచీ మీద నీకు చోటు లేదు.

నీతో మాట్లాడని వదిన,
ఎఫీ

తా.క. కొబ్బరిపాలలో అరటికాయ కుడుములూ లేవు.


బాల్ బే
బుధవారం

మా వదినమ్మకి,

మాట్లాడనని ఒట్టు పెట్టుకునే ఇంత రాశావు. పెట్టుకోకపోతే పుస్తకం అచ్చయ్యేది.

నేను వెక్కిరించడం లేదా? ఎంత అబద్ధం వదినా, కళ్ళు పోతాయి! నీ ఆకుపచ్చ కారు మలుపు తిరగడం ఆలస్యం, కిటికీలోంచి సగం బయటికి వచ్చి మరీ వెక్కిరిస్తున్నాను. గురువారం నాలుక ఎంతసేపు చాపానంటే దాని మీద ఈగ వాలింది. శుక్రవారం స్టీరింగు మోకాళ్ళతో పట్టుకుని రెండు చేతులూ ముక్కుకే వాడాను. నువ్వే కొయ్యబొమ్మలా కూర్చుంటున్నావు. మా వదినకి ఈ వయసులో గౌరవం, మర్యాద పట్టుకున్నాయేమిటా అని దిగులుపడ్డాను కూడా.

నాకు పది సంతోషాలు అక్కర్లేదు. వాన పడే రోజు ఎవరూ పని చెప్పరు. మిగతా రోజుల్లో చెప్పినా నేను చెయ్యను. చాలదూ?

నేరమెరుగని మరిది,
పార్కిన్

తా.క. కుడుముల విషయంలో మాత్రం తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.


కాస్కేడ్
శుక్రవారం

ఒరే మరిదీ, చచ్చావ్!

ఆ ఆకుపచ్చ కారు నేను పాస్టరుకి అమ్మేశాను. దీవిలో ఆవులకి కూడా తెలుసు. నీకు తెలియదా? నేనిప్పుడు మా మేనల్లుడి నీలం ట్రక్కు నడుపుతున్నాను. అంటే ఇన్నాళ్ళూ నువ్వు నాలుక చాపింది దైవసేవకుడికి! మొన్న ఆదివారం ఆయన ‘అపహాసకులు’ అంటూ గంటసేపు ఎందుకు వాయించాడో ఇప్పుడు తెలిసింది. ఆ ప్రసంగమొకటి! మన రేవుకొచ్చే ఓడలాగా, ముగింపు అల్లంత దూరంలో కనిపిస్తూనే ఉంటుంది, ఒడ్డుకి మాత్రం చేరదు.

చదివి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. కానీ నిన్న మళ్ళీ మనసు విరిగింది. పోస్టాఫీసు ముందు ట్రక్కు ఆపి, కిటికీలోంచి చెయ్యి చాపి, హారన్ కొట్టి నిన్ను పిలిచాను. నా మొహంలోకే చూశావు. చూసి, నా వెనక రోడ్డు మీద నిలబడ్డ ఆవుకి టోపీ తీసి నమస్కారం పెట్టావు. జెస్సీ చూసింది. అంటే సాయంత్రానికి దీవంతా చూసినట్టే. నేను నీకు ఆవుపాటి చెయ్యనా? కోపం ఉంటే ఉందని చెప్పు, ఈ వేషాలేమిటి?

ఎదురుచూసే ఓపిక లేని వదిన,
ఎఫీ

తా.క. నీ చేతిరాత ఎప్పుడు బాగుపడింది? చిన్నప్పటి నుంచీ కోడి కెలికినట్టు రాసేవాడివి. ఇంకో మాట, పాస్టరు గురించి ఒక వాక్యం రాసి కొట్టేశావు. వెలుతురుకి పట్టి చూస్తే ‘మేక’ అన్న ముక్క ఒక్కటే తెలిసింది. నా ప్రాణం కొట్టుకుంటోంది. మొత్తం రాసి పంపు.


బాల్ బే
శనివారం

వదినకి,

ఆ ఆవు నాకు బాగా కావలసిన ఆవు. నేను పలకరిస్తే తలాడిస్తుంది, ఎదురు ప్రశ్నలు వెయ్యదు.

అవును, కోపమే. ఎందుకంటావా? పోయినేడు పండుగ భోజనంలో నీ కుడుముల్లో ఇసుక తగిలింది. పన్ను కదిలింది. అప్పుడు మొహమాటపడి మింగేశాను, ఇప్పుడు మింగను. కాబట్టి ఈ ఏడు పండుగకి నేను రావడం లేదు. మన బెంచీకి కట్టే మొక్కజొన్న కర్రలు ఇంకెవరి పొలంలోనైనా కొట్టించుకో. అందరి ముందూ నిలబడి సంతోషాలు చదవడానికి నేనేమన్నా బడిపిల్లాణ్ణా?

ఓడ గురించి నువ్వన్నది నిజమే. అయినా పాస్టరు మరీ అంత చెడ్డవాడు కాదులే. టీ బాగా పెడతాడు.

ఇట్లు,
పార్కిన్

తా.క. మేక సంగతి వదిలెయ్యి.


కాస్కేడ్
సోమవారం

పార్కిన్ అనే పెద్దమనిషికి,

ఇసుకా? పోయినేడు తొమ్మిది కుడుములు తిని, నాలుగు జేబులో పెట్టుకుపోయావు. అంత ఇసుక తింటే కదిలేది పన్ను కాదు, పేగులు.

అది సరే, క్షమించేదాన్నేమో. నిన్న మధ్యాహ్నం మా ఇంటికొచ్చి నువ్వు చేసిన పనికి మాత్రం క్షమాపణ లేదు. నేను వరండాలోనే కూర్చుని బీన్స్ ఒలుస్తున్నాను. నీ కారు వచ్చి మా కంచెకి గుద్దుకుని ఆగింది. కర్రల మోపు భుజాన వేసుకుని దిగావు. ‘పోనీలే, బుద్ధి తెచ్చుకుని వచ్చాడు’ అని లేవబోయాను. నువ్వు తిన్నగా అరటి చెట్టు దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, ‘‘తప్పయిపోయింది వదినా, నీ మీద నాకేం కోపం లేదు’’ అన్నావు. అరటి చెట్టుతో! జవాబు కోసం కాసేపు ఆగావు కూడా. ‘‘మాట్లాడవన్నమాట, సరే’’ అని మోపు దాని కాళ్ళ దగ్గర పడేసి పోయావు.

నేను అరటి చెట్టులా ఉన్నానా? నా ఇంట్లోకే వచ్చి నన్ను ఇంత మాట అనకుండానే అంటావా? పిలవకుండా బీన్స్ గిన్నె తీసుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాను. నీ వెక్కిరింత కోసం రోజూ పొద్దున జుట్టు దువ్వుకునేదాన్ని, పార్కిన్. ఇక దువ్వుకోను. పండుగనాడు అందరి ముందూ లేచి తొమ్మిదే చదువుతాను. పదోది ఏదని పాస్టరు అడిగితే, పదోవాడు చచ్చాడని చెబుతాను.

ఎవరికీ వదిన కాని,
ఎఫీ

తా.క. మోపు విప్పి చూశాను. అది మొక్కజొన్న కాదు, చెరుకు.

తా.క. మళ్ళీ. పాస్టరు ఇంట్లో నువ్వు టీ ఎప్పుడు తాగావు?


బాల్ బే
మంగళవారం

వదినా,

అది అరటి చెట్టని నాకు తెలియదు. ఒట్టు. సన్నగా, పొడుగ్గా, ఆకుపచ్చ గౌను వేసుకుని బిగదీసుకుని నిలబడింది. అచ్చం నువ్వే అనుకున్నాను.

నాకు కళ్ళు కనిపించడం లేదు. అబద్ధమాడితే కళ్ళు పోతాయని నిన్ను అన్నాను కదా, నావి అప్పటికే పోయాయి. పొర కమ్మింది. అంతా పొగలా ఉంటుంది, రంగులు మాత్రం తెలుస్తాయి. ఆకుపచ్చ వస్తే నువ్వు, ఎరుపు వస్తే బేకరీ వాడు, కదలకపోతే ఆవు. అలా నెట్టుకొస్తున్నాను. నువ్వు నీలం ఎక్కావని నాకెవరు చెప్పారు? నా కళ్ళ సంగతి చెబితే పోలీసు వచ్చి కారు తాళాలు తీసుకుంటాడు. కారు లేకపోతే ఈ మూలనున్న నాకు చెయ్యి ఊపేదెవరు, నేను వెక్కిరించేదెవర్ని? అందుకే ఇసుకన్నాను. నీ కుడుముల్లో ఇసుక లేదు. భయమేసింది వదినా, అంతే.

నిన్నటి నుంచి కారు కదలడం లేదు. ఒకాయన దాని బ్యాటరీ ఊడబెరికి చర్చిలో దాచాడు. మరి ఇన్నాళ్ళూ నీ ఉత్తరాలు చదివి పెట్టిందెవరు, ఇవి రాస్తున్నదెవరు అంటావా? కింద ఆయనే రాసుకుంటాడట. వద్దు మొర్రో అన్నాను, వినలేదు.

గుడ్డి మరిది,
పార్కిన్

తా.క. ఎఫీ గారూ, నమస్కారం. నేను పాస్టరుని. పది సంతోషాలు అడుగుదామని ఈయన ఇంటికి వెళ్తే, మీ మొదటి ఉత్తరం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు. చదివి పెట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఓడ గురించి మీరన్నది ఆయనకి రెండుసార్లు చదవాల్సి వచ్చింది, మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆ వెక్కిరింత నా కోసం కాదని మొదటి రోజే తెలిసింది. కారు నాదని అప్పుడే చెప్పాల్సింది. చెబితే మర్నాటి నుంచి మానేస్తారని ఊరుకున్నాను. ఈ దీవిలో అందరూ ఎదురొస్తే నాకు స్టీరింగు మీంచి మర్యాదగా రెండు వేళ్ళు ఎత్తుతారు, అంతే. అంత మనస్ఫూర్తిగా, కిటికీలోంచి సగం బయటికి వచ్చి, నన్ను పలకరించింది ఈయన ఒక్కరే. నా పదిలో అదే మొదటిది. మేక వాక్యం ఒక్కటే కొట్టేశాను, అది నా తప్పు. పూర్తి పాఠం ఇది: ‘‘ఈ పాస్టరు పాట ఎత్తుకుంటే, ఈనబోయే మేక కూడా సిగ్గుపడి ఊరుకుంటుంది.’’


కాస్కేడ్
బుధవారం

పాస్టరు గారికి, ఆయన పక్కన కుర్చీలో దొంగలా కూర్చున్న మా మరిదికి,

మీ ఉత్తరం చదివి, అరటి చెట్టు పక్కన కూర్చుని ఏడ్చాను. పార్కిన్, నీ అంత వెధవ ఈ సముద్రంలో ఇంకో దీవి మీద ఉండడు. కళ్ళు కనిపించడం లేదని అరటి చెట్టుకి చెప్పినా బాగుండేది, నేను వినేదాన్ని.

పండుగ వెళ్ళిన మర్నాడు సిడ్నీ విమానం ఎక్కుతున్నాం, నువ్వూ నేనూ. కళ్ళ డాక్టరుకి చూపిద్దాం. విమానం అంటే భయమని అనకు, నీకు ఎలాగూ కింద ఏమీ కనిపించదు. అంతవరకూ రోజూ పొద్దున నీలం ట్రక్కు మీ గుమ్మంలో ఉంటుంది. నా పక్కన కూర్చో. ఎవరు ఎదురొస్తున్నారో నేను చెబుతాను, నువ్వు చెయ్యి ఊపు. బేకరీ మలుపులో ఆకుపచ్చ కారు రాగానే ‘ఇప్పుడు’ అంటాను. ఏం చెయ్యాలో నీకు తెలుసు. పాస్టరు గారూ, మీరు బదులివ్వాలి. ఇవ్వకపోతే ఆ కారు తిరిగి కొనేసుకుంటాను.

పది పూర్తయ్యాయి. చెరుకుతోనే బెంచీ కడతాను, ఎవరేమంటారో చూస్తాను. కుడుములు ఇద్దరికీ ఉన్నాయి.

జుట్టు దువ్వుకున్న వదిన,
ఎఫీ

తా.క. పాస్టరు గారూ, ఇది వాడికి గట్టిగా చదివి వినిపిస్తున్నారు కదా. ఇక్కడ ఆగండి. కాగితం కింద పెట్టండి. ముక్కు మీద బొటనవేలు పెట్టి, వేళ్ళు ఆడించి, నాలుక చాపి, నా తరఫున వాణ్ణి వెక్కిరించండి. కనిపించదు కదా అంటారేమో. వాడి చెయ్యి తీసుకుని మీ మొహం మీద పెట్టుకోండి, తడిమి చూసుకుంటాడు. పార్కిన్, నాలుక సరిగ్గా చాపకపోతే ఒప్పుకోకు.