మార్త ఎడమ భుజం

సర్జాపుర రోడ్డు, బెంగళూరు

సెక్రటరీ గారూ,

మార్త భుజం పాడుచేసింది మీరే. మన అపార్ట్‌మెంటు టెన్నిస్ కోర్టులో సభ్యులతో ఆడటానికి జీతానికి పెట్టుకున్న మనిషిని, తప్పుగా ఆడి దెబ్బ తగిలించుకుందని నోటీసు అంటించి పనిలోంచి తీసేశారు. రెండు చేతులతో కొట్టే బ్యాక్‌హ్యాండ్ షాట్‌కి బలం కాళ్ళ నుంచి, తిరిగే నడుము నుంచి రావాలి. ఆమె అలా కొడితే మీకు బంతి అందలేదు. “ఒళ్ళు తిప్పొద్దమ్మా, నిలబడి చేతుల్తోనే కొట్టు. బంతి నా ముందరికే రావాల” అన్నారు. నాలుగేళ్ళు నడుము చేయాల్సిన పనంతా ఎడమ భుజంతో చేయించాం. చేయించాం అంటున్నాను, నేనూ అవతల ఆడినవాణ్ణే. నిన్న ఆమె, “జడేసుకోను చెయ్యి లేస్తాలేదు సార్” అంది.

నోటీసు చించండి.
ఆమె వైద్యం అసోసియేషన్ చేయించాలి.
నయమయ్యాక కోచ్‌గా తీసుకోండి.
ఇకమీదట బంతి కోసం మీరే పరిగెత్తండి.