చేటెడు తవుడుకు అమ్ముడుపోయిన మా నాయన

(ఉత్తరాలు రెండు వైపులా ఇంగ్లీషులోనే నడిచినవి. తెలుగు నాది. మర్యాద మాత్రం ఆయనదే.)

లోయర్ హిన్‌ఫోర్డ్, ఇంగ్లండ్
మార్చి 3

గౌరవనీయులైన హెప్సిబా టీచర్ గారికి,

మీ చిరునామా మీ పాస్టర్ గారు ఇచ్చారు. మాది పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే చిన్న ఊరు. మా ఊరి చరిత్రను పుస్తకంగా వేస్తున్నాం. తొమ్మిదేళ్ళుగా వేస్తూనే ఉన్నాం. మా చర్చి గోడకు ఈడిత్ మార్లో గారి పేరున ఒక ఇత్తడి పలక ఉంది. ఇక్కడ పుట్టి, మీ ఊటకుంటపల్లికి వచ్చి, బడి పెట్టి, అక్కడే కన్నుమూసిన మనిషి. ఏడో అధ్యాయమంతా ఆమెదే.

మొన్న ఆమె డైరీ ఒక అటక మీద దొరికింది. 1926లో ఒకనాడు ఇలా రాసుకుంది: "ఈ రోజు చెత్తకుప్ప మీద ఒక మగపిల్లవాణ్ణి తీసుకున్నాను. మధ్యాహ్నానికి తిమ్మమ్మకు అమ్మాను. వెల, చేటెడు తవుడు."

మా అధ్యక్షురాలు మిసెస్ ఫించ్ ఇది రెండుసార్లు చదివి కూర్చుండిపోయారు. ఆ పిల్లవాడు ఏమయ్యాడో మీకేమైనా తెలుసా?

మీ విధేయుడు,
ఆర్నల్డ్ పిమ్
కార్యదర్శి, గ్రామ చరిత్ర కమిటీ

తా.క. ఇక్కడ వాన. ఇది చరిత్రకు సంబంధించింది కాదు, అలవాటుగా రాశాను.


ఊటకుంటపల్లి, బిజినేపల్లి మండలం
మార్చి 20

పిమ్ గారికి, ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి అలసిపోయిన హెప్సిబా నమస్కారాలు.

పిల్లవాడు తెలుసు. మా నాయన. పేరు పెంటయ్య, అంటే చెత్తకుప్ప అయ్య. అమ్ముడుపోయినందుకు ఆయనకు ఏ నష్టమూ కలగలేదు. ఎనభై మూడేళ్ళు బతికి, చివరి రోజు కూడా పప్పులో ఉప్పు తక్కువైందని మా అమ్మ మీద అలిగి పోయాడు. కొన్న తిమ్మమ్మ మా నాయనమ్మ. తవుడు ఎక్కువ ఇచ్చుకున్నానని ఆమెకు బతికినన్నాళ్ళూ బాధ.

మా దిక్కు ఇది కొత్త వ్యాపారం కాదు. అయిజలో మాకు మేనత్త వరసయ్యే పెంటమ్మను ఊకకు అమ్మారు. అచ్చంపేటలో ఒకాయన నూకలకు పోయాడు. ఆయనకు ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

ఇట్లు,
అమ్ముడుపోయినవాడి బిడ్డ,
హెప్సిబా

తా.క. మీ దొరసాని ఇంకా ఎంతమందిని అమ్మిందని అడగబోతారు. ఒక్కణ్ణే. వ్యాపారం సాగలేదు.


లోయర్ హిన్‌ఫోర్డ్
ఏప్రిల్ 6

ఎంతో గాయపడిన హెప్సిబా టీచర్ గారికి,

మీ ఉత్తరం కమిటీలో చదివాను. చదివాక ఎవరూ టీ ముట్టలేదు. మీ హాస్యం వెనుక ఉన్న బాధ మాకు అర్థమైంది.

ఏడో అధ్యాయం తీసేశాం. ఆరు తర్వాత ఎనిమిది ఎలా వస్తుందని ప్రెస్సువాళ్ళు అడుగుతున్నారు. మిసెస్ ఫించ్ పలక స్క్రూలు స్వయంగా విప్పి, చీపుర్ల గదిలో పెట్టారు. దాన్ని ఎప్పటికీ తొలగించాలా అన్నదాని మీద ఏప్రిల్ 29న ఓటు. ఆ తర్వాతి ఆదివారం ఊరంతా లేచి నిలబడి మీ కుటుంబానికి క్షమాపణ చెబుతుంది. మీ నాయనగారి సంతానం మొత్తం ఎంతమందో రాయగలరా? తలకొక నిమిషం మౌనం అనుకున్నాం.

సిగ్గుతో,
ఆర్నల్డ్ పిమ్

తా.క. ఇరవై నిమిషాలు దాటేట్టుంటే ముందే చెప్పండి. మాలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కువ.


ఊటకుంటపల్లి
ఏప్రిల్ 15, స్పీడ్ పోస్టులో

పిమ్ తమ్ముడా,

మౌనం వద్దు. మేము అరవై ఒక్కమందిమి. మీ ముసలోళ్ళు నిలబడ్డచోటే పోతారు.

తప్పు నాది. తెలియక అడిగినవాణ్ణి ముందు ఏడిపించి తర్వాత చెప్పడం బడిలోనూ నాకున్న జబ్బే. మీ ఉత్తరం పక్కింటి హన్మమ్మకు చదివి వినిపిస్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "సచ్చినామె పేరు ఖరాబు జేస్తివి గదనే. జల్ది రాయి, గా పలక గోడకెక్కెదాంక నాతోని మాట్లాడకు," అన్నది. అందుకని రాస్తున్నాను.

నాయనమ్మకు ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. అట్లా పోతే మా దిక్కు తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పనికిరానిదేదో పడి ఉందనుకుని చావు పక్కనుంచి పోవాలని. ఇంకొక ఆడమనిషి తనకు దొరికినట్టు ఎత్తుకుని, గుప్పెడు తవుడుకో ఊకకో తల్లికే అమ్ముతుంది. ఇక వాడు ఆమె కన్నవాడు కాదు, కొన్నవాడు. పేరు పెంటయ్య.

ఆ రోజు మాత్రం వాడలో ఏ ఆడమనిషీ ముందుకు రాలేదు. ఆ పిల్లవాణ్ణి ముట్టుకుంటే అరిష్టం తమ ఇంటికి తగులుతుందని భయం. పసిగుడ్డు ఎండలో ఉన్నాడు. ఇదంతా మూఢనమ్మకమని పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ప్రసంగం చేసిన దొరసాని, గౌను ఎత్తిపట్టుకుని పెంట ఎక్కింది. దిగివచ్చి బేరం కూడా ఆడింది. నాయనమ్మ గుప్పెడు ఇస్తానంటే, "కాదు, చేటెడు. చవకగా కొన్నదాన్ని ఎవరైనా గుంజుకుంటారు," అన్నదట.

ఆ మరుసటి ఆదివారం ప్రసంగం మళ్ళీ మూఢనమ్మకాల మీదనే. నాయనమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుని విన్నది.

ఆమె ఎక్కకపోతే మేము అరవై ఒక్కమందిమీ లేము. ఆమెను చీపుర్ల పక్క నుంచి లేపండి.

నీ అక్క,
హెప్సిబా

తా.క. క్షమాపణ రాసి పెట్టుకుని ఉంటే పారేయకు, నాకు పంపు. ఈ వయసులో నాకెవరూ చెప్పడం లేదు.


లోయర్ హిన్‌ఫోర్డ్
మే 2

హెప్సిబా అక్కయ్య గారికి,

మీరు తమ్ముడా అన్నారు కనుక ఈ చొరవ.

మీ ఉత్తరం చదివాక ఓటు పెట్టాం. నలుగురు పలక ఉంచాలన్నారు, నలుగురు వద్దన్నారు. పిల్లల్ని అమ్మే మిషనరీ కన్నా పెంటకుప్ప ఎక్కే మిషనరీ ఏం మెరుగని వాళ్ళ వాదన. తేల్చాల్సింది మిసెస్ ఫించ్. ఆమె లేచి, నన్ను వెంట రమ్మని బయటికి నడిచారు. గంట తర్వాత తిరిగి వచ్చి, పలకను తన చేత్తోనే గోడకు బిగించారు. ఏడో అధ్యాయం ఏడో చోటికి వచ్చింది. కారణం అడిగే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు.

నాకు తెలుసు. ఆమె కోడలికి ఇద్దరు బిడ్డలు దక్కలేదు. మూడో కాన్పు ఆ వారమే, ఆడపిల్ల. మాకు పెంటకుప్పలు లేవు. మిసెస్ ఫించ్ తోట వెనక ఎండాకులూ కూరగాయల తొక్కలూ ఎరువుకు మాగేసే కుప్ప ఉంది. దాని మీద శాలువా పరిచి పాపను పడుకోబెట్టారు. ఎత్తుకోవాల్సింది ఆడమనిషి కదా అని గుర్తుచేశాను. "నువ్వు కార్యదర్శివి, ఎత్తుకో," అన్నారు. తవుడు దొరకలేదు. ఓట్స్‌కు అమ్మాను, చేటెడుకు తగ్గకుండా. కోడలు నవ్వుతూ ఇచ్చింది. పాపను తీసుకునేటప్పుడు నవ్వలేదు.

ప్రేమతో, మీ తమ్ముడు,
ఆర్నల్డ్

తా.క. పాప పేరు పెంటమ్మ ఫించ్. అదేం పేరని రిజిస్ట్రారు అడిగితే, గద్వాల రాణుల్లో ఒకరి పేరని మిసెస్ ఫించ్ చెప్పారు. చరిత్ర కమిటీ తరఫున కార్యదర్శిగా నేను సంతకం చేశాను. ఎవరైనా మీకు రాసి అడిగితే, అక్కయ్యా, అవునని చెప్పండి.