ఫోన్లు రాని గుంపు

నవంబర్ 14, గురువారం

చిరంజీవి ఫోనమ్మాయికి,

పళ్ళ బాబాయి ఆశీర్వదించి రాస్తున్నది. చిరంజీవి పక్కన సౌభాగ్యవతి అని రాయాలో కుమారి అని రాయాలో తేలక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఏడాదిపైగా మాట్లాడుకున్నాం, నీకు పెళ్ళయిందో లేదో ఒక్కసారి కూడా అడగలేదు చూడు. ఇక్కడ నేను క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. బీపీ మళ్ళీ పెరిగింది. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు క్షేమంగా లేవని మీ ఆసుపత్రిలో బీపీ చూసే నర్సమ్మ చెప్పింది. ఆఫీసుకు వస్తున్నావట గానీ ఎవరి పక్కనా కూర్చుని తినడం లేదట.

ఈ ఉత్తరం నీ చేతికి ఇచ్చేది ఆవిడే. గురువారాలు నాతో మాట్లాడిన పిల్లకి అందజేయాలి, ఎవరో కనుక్కోగలరా అని అడిగితే, కనుక్కోవడం ఎందుకు, నాకు ముందే తెలుసు అంది. నీ పేరు చెప్పబోయింది కూడా. వద్దన్నాను. విచారణ అయ్యేదాకా ఆ పేరు నా చెవిన పడకూడదు. తెలియని దాన్ని తెలియదని చెప్పడం సులువు, తెలిసిన దాన్ని తెలియదని చెప్పాలంటే నా మొహమే నన్ను పట్టిస్తుంది.

నీకు తెలియని సంగతి కాదు, అయినా నాకు అర్థమైనట్టు మొదటినుంచీ రాస్తాను, తప్పుంటే దిద్దుకో. మీ ఆసుపత్రి వాళ్ళు పరిశోధన కోసం ఒంటరిగా బతుకుతున్న పెద్దవాళ్ళను పోగుచేసి, చీట్లు తీసి మమ్మల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వారానికోసారి ఫోన్ చేసి పలకరించాలి. రెండో గుంపుకి ఎవరూ ఫోన్ చేయకూడదు. నెలకోసారి పిలిచి, బీపీ చూసి, నిద్ర పడుతోందా అని అడిగి పంపేయాలి. ఆఖరున రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, పలకరింపులో మందు గుణం ఉందో లేదో తేలిపోతుంది. నేను పడింది ఫోన్లు రాని గుంపులో.

ఆ మాట చెప్పడానికి నువ్వు నాకు ఫోన్ చేశావు. ఫోన్ రాదని చెప్పడానికి ఫోన్ చేశావా తల్లీ అన్నాను. పకపకా నవ్వావు. మా ఆవిడ పోయాక నా మాటకి ఒక మనిషి నవ్వడం అదే మొదలు. సరే, ఉంటానమ్మా అన్నాను గానీ రిసీవర్ కింద పెట్టలేదు. నువ్వూ పెట్టలేదు. తర్వాతి గురువారం మళ్ళీ మోగింది. ఇలా చేయకూడదు బాబాయ్, ఎలా ఉన్నారో కనుక్కుందామని ఊరికే చేశాను అన్నావు. పుణ్యానికి పోతే పాపం ఎదురవుతుందని అప్పుడు మనిద్దరికీ తోచలేదు.

నేను ఎందుకు వద్దనలేదో చెప్పాలి. కట్టుడు పళ్ళు చేసేవాడి గది నువ్వు చూడలేదు. డాక్టర్ల దగ్గర్నుంచి అచ్చులు వస్తాయి, వాటి మీద నేను మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, సానబట్టి పంపుతాను. మనుషులు రారు, వాళ్ళ నోళ్ళే వస్తాయి. బల్ల నిండా నోళ్ళు, మాట్లాడేది ఒక్కటీ ఉండదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ పక్కగదిలోంచి ఏదో ఒకటి అంటూనే ఉండేది. చెవిలో జోరీగ అని విసుక్కునేవాణ్ణి. ఆవిడ పోయిన కొత్తలో ఒకరోజు కొట్టుకెళ్ళి సబ్బు కావాలని అడిగితే గొంతు పెగల్లేదు. కొట్టువాడు జలుబా అన్నాడు. జలుబు కాదు, అంతకుముందు ఎన్ని రోజులుగా నోరు విప్పలేదో నాకే గుర్తురాలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆ మర్నాడే మీ ఆసుపత్రి గోడ మీద ప్రకటన చూసి పేరిచ్చాను.

నీ ఫోన్లతో నా నిద్ర బాగుపడింది. బీపీ మాత్ర సగానికి తగ్గించారు. నర్సమ్మ నా చేతికి పట్టీ కట్టి, అంకె చూసి, మళ్ళీ కట్టి చూసేది. ఆ అంకెల్నే ఈ పరిశోధన నడిపే పెద్ద డాక్టరుగారు ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఆయనేం చేస్తారు పాపం. ఫోన్లు వచ్చిన గుంపుకీ నయమైంది, రాని గుంపుకీ నయమైంది. కాబట్టి ఫోన్లతో పనిలేదు, నెలకోసారి ఆసుపత్రికి వచ్చి వెళితే చాలు అని తేల్చి పెద్ద వైద్య పత్రికలో వ్యాసం వేశారు. మన పేపర్లలో కూడా వచ్చింది, పలకరింపు మందు కాదు అని అంతెత్తు అక్షరాలతో. అది చదివి నేను నవ్వుకున్నాను. నీ పలకరింపుతో బాగుపడ్డవాణ్ణి నేనుండగా ఇదేం చోద్యం అనుకున్నానే తప్ప, ఆ తప్పు లెక్కలో నేనే ఒక అంకెనని నా మట్టిబుర్రకి తట్టలేదు.

తట్టింది ఎప్పుడంటే, మా కింది వాటాలో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు మెట్ల మీద కనిపించినప్పుడు. రోజూ పొద్దున్నే ఆయనకి మునిసిపాలిటీ వాళ్ళ తరఫున ఎవరో ఫోన్ చేసి, లేచారా, మాత్ర వేసుకున్నారా అని అడిగేవారు. అది ఆపేశారట. లాభం లేదని పరిశోధనలో తేలింది, ఖర్చు దండగ అన్నారట. ఆయన ఇప్పటికీ పొద్దున్నే గడ్డం గీసుకుని ఆ ఫోన్ పక్కనే కూర్చుంటున్నాడు. నాతో ఆ ముక్క నవ్వుతూనే చెప్పాడు. నేను పైకొచ్చి ఆ పూట పని ముట్టుకోలేదు. అచ్చు తీసేటప్పుడు దవడ కాస్త కదిలినా, ఆ అచ్చు మీద ఎంత అందమైన పళ్ళు పేర్చినా నోట్లో కూర్చోవు. మన అచ్చు కదిలింది అమ్మాయ్.

ఆపైన జరిగింది నీకు నాకంటే బాగా తెలుసు. ఎక్కడో ఒక గణిత పండితుడు వ్యాసంలోని అంకెలన్నీ జల్లెడ పట్టి, ఏ పలకరింపూ లేనివాళ్ళకి ఇంత చక్కగా నయం కావడం అసాధ్యం, ఒక గుంపు అంకెల్ని కొంచెం మార్చి రెండో గుంపుకి దించేశారు అన్నాడు. పత్రికవాళ్ళు వ్యాసం నెత్తిన హెచ్చరిక తగిలించారు. టీవీలో నలుగురు కూర్చుని, పదవుల కోసం డాక్టర్లు దొంగ లెక్కలు రాస్తున్నారని గంటసేపు దులిపేశారు. పెద్ద డాక్టరుగారి ఫొటో వెనకాల పెట్టారు. విచారణ వేశారు.

నువ్వు చివరిసారి ఫోన్ చేసింది అప్పుడే. నీ గొంతులో నవ్వు లేదు. ఎవరైనా అడిగితే ఫోన్ రాలేదని చెప్పండి బాబాయ్, ఈ పరిశోధనలో పనిచేస్తూనే చదువుకుంటున్నాను, తెలిస్తే నా చదువు పోతుంది, ఇక నేను చేయను అన్నావు. అలాగేనమ్మా అనేశాను. ఆలోచించి అన్న మాట కాదు. నువ్వు పెట్టేస్తావేమోనన్న కంగారులో అన్నాను. అనగానే పెట్టేశావు. నా ఫోన్ పాతకాలంది, నంబరు చూపించదు. తిరిగి చేద్దామంటే దారి లేదు.

నిన్న విచారణకి వెళ్ళాను. వరండాలో పొడుగు బెంచీ, దాని మీద ముసలివాళ్ళం వరసగా. అటెండరు వచ్చి ఫోన్లు రాని గుంపు వాళ్ళు ఎవరు అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరం ఒకేసారి సర్దుకున్నాం. నా పక్కన ఊలు అల్లుకుంటున్న ఒకావిడ తల ఎత్తకుండానే, మీకు ఏ వారం అని గొణిగింది. ఏ వారం ఏమిటండీ అన్నాను. నాకు సోమవారం, పిన్నీ అని పిలిచేది అంది. ఆ అవతల తాళాలు బాగుచేసే ఆయన గోడ వైపు చూస్తూ, శనివారం, మామయ్యా అనేది అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఉడుక్కున్నాను. ఏడాది పొడుగునా ఆ పలకరింపు నా ఒక్కడిదే అనుకున్నవాణ్ణి. వాళ్ళ మొహాలు చూస్తే వాళ్ళూ అలాగే అనుకుని ఉంటారనిపించింది. కాసేపటికి ఉడుకు చల్లారి భయం పట్టుకుంది. ఇంతమందికి వారం వారం చేశావంటే నీకంటూ ఒక సాయంత్రమైనా మిగిలిందా? మా మీద జాలితో చేశావో, నీకూ మాట్లాడే దిక్కులేక చేశావో అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఎంతసేపూ నా నిద్ర, నా బీపీ, నా పళ్ళ కబుర్లు చెప్పానే గానీ నువ్వు ఎలా ఉన్నావని అడిగిన గుర్తు నాకు లేదు.

ఊలు ఆవిడ లోపలికెళ్ళి వచ్చి, రాలేదని చెప్పేశాను, మీరూ అదే చెప్పండి, పిల్ల బతుకు పాడుచేయకండి అంది. తాళాలాయన కూడా రాలేదనే చెప్పి వచ్చాడు. తిలా పాపం తలా పిడికెడు. నా వంతు ఆఖరున.

పిలుపు కోసం చూస్తుండగా పెద్ద డాక్టరుగారు అటుగా వచ్చారు. ఆయన్ని చూసి అందరూ తల తిప్పుకున్నారు. వెంట ఒక్క డాక్టరూ లేడు. నా దగ్గర ఆగి, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని అడిగారు, ఎప్పుడూ అడిగినట్టే. పడుతోందన్నాను. అదృష్టవంతులు అన్నారు. మాట్లాడుతుంటే ఆయన కింది కట్టుడు పళ్ళ సెట్టు టకటకమంది. బాగా కుదిరిన సెట్టు అలా వదులయిందంటే మనిషి బొత్తిగా తిండి మానేసి చిగుళ్ళు కరిగేదాకా చిక్కిపోయాడన్నమాట. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతోంది. ఆయన ఏ దొంగ లెక్కా రాయలేదని ఈ లోకంలో తెలిసినవాళ్ళం నువ్వూ, నర్సమ్మా, ఆ బెంచీ మీద ముసలాళ్ళమూ.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ మర్యాదస్తురాలు. మంచినీళ్ళు ఇప్పించింది. పరిశోధన జరిగినన్నాళ్ళూ మీకు ఎవరైనా ఫోన్ చేసి పలకరించారా అని అడిగింది. నేను నీళ్ళు తాగాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతున్నట్టు పట్టుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఈ వయసులో తెలిసొచ్చింది. ఏం చెప్పానో చివర రాస్తాను. ఇక్కడే రాస్తే మిగతాది చదవకుండా చింపేస్తావని భయం.

నువ్వే పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పు. చదువు పోదని నీకు అబద్ధం చెప్పను, పోవచ్చు. కానీ నువ్వు చెబితే ఆయన పరువు నిలుస్తుంది, కింది వాటా డ్రైవరుకి ఫోన్ మళ్ళీ రావచ్చు, నీ ఫోన్లు నిజంగానే మనుషుల్ని బాగుచేశాయని లోకానికి తెలుస్తుంది. నువ్వు చేసింది మంచి పనే, దాన్ని దాచడమే చెడ్డ పని అయి కూర్చుంది. ముసలాడు నీతులు చెబుతున్నాడని విసుక్కో, ఫరవాలేదు. విసుక్కోవడానికైనా ఒకసారి ఫోన్ చెయ్యమని అడగాలని ఉంది గానీ అడగను.

ఇవాళ గురువారం. పని త్వరగా కట్టేశాను. పళ్ళు సానబట్టే మిషను ఆగితే ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని మధ్యలో ఒక ఏడాది మరిచిపోయాను. ఒంటరితనం అలవాటవుతుందని అంటారు. ఒకసారి పోయి మళ్ళీ వచ్చినది అలవాటు కాదమ్మా.

భోజనం మానకు. ఎవరూ పక్కన కూర్చోకపోతే నువ్వే వెళ్ళి నర్సమ్మ పక్కన కూర్చో, ఆవిడ ఏమీ అడగదు.

ఉంటాను,
నీ క్షేమం కోరే
పళ్ళ బాబాయి

తా.క.: ఫోన్లు వచ్చాయని చెప్పాను. ప్రతి గురువారం వచ్చాయని, నా బీపీ తగ్గింది వాటివల్లేనని, పెద్ద డాక్టరుగారు రాసిన అంకెల్లో దొంగతనం లేదని చెప్పాను. నీకిచ్చిన మాట తప్పాను. బయటికొచ్చి బెంచీ మీద వాళ్ళకి కూడా దాచకుండా చెప్పేశాను. ఊలు ఆవిడ అల్లిక సంచీలో కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది.

ఎవరు చేశారని అడిగారు. పేరు తెలియదన్నాను, అది నిజమే. అప్పుడు మీ ఆఫీసులో ఫోన్లు చేసే పిల్లలందరి గొంతులూ, అవతలి గుంపుతో మాట్లాడినప్పుడు రికార్డు చేసినవి, ఒక్కొక్కటే వినిపించారు. మూడోది నీది. ఎవరో పెద్దాయన్ని కాలినొప్పి తగ్గిందా అని అడుగుతున్నావు. సరిగా వినపడలేదు, మళ్ళీ పెట్టండి అన్నాను. పెట్టారు. నాకు చెవుడు కాస్త ఎక్కువ, ఇంకొక్కసారి అన్నాను. ఆ పెద్దావిడ విసుక్కోకుండా మళ్ళీ పెట్టించింది. పూర్తయ్యేదాకా విన్నాను. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదండీ అని చెప్పి వచ్చేశాను.