తాడు చేసిన గాడి

అంగాళమ్మకు, నేను బాగున్నాను, దిగులు పడవద్దు. కృష్ణగిరి ఎగ్జిబిషన్ కోసం, సముద్రం అడుగున దొరికిన పాత ఓడ లంగరు రాయికి నకలు చెక్కినాను. అసలు రాతికి తాడు ఒరుసుకుని పడిన గాడి ఉంది. అది లోపమనుకుని, నా రాతిని నున్నగా చేసినాను. సముద్రంలో మునిగి దాన్ని తెచ్చిన దివ్యశ్రీ మేడమ్ తల పట్టుకుంది. "ఆ గాడిని చూసే కదప్పా, ఇది ఓడను పట్టిందని తెలిసింది" అంది. తాడు ఏండ్ల తరబడి చేసిన పనిని ఉలితో ఎట్లా చేయాలో తోచడం లేదు. పాత చేంతాడు బస్సులో పంపు, ఇసుక వేసి రుద్ది చూస్తాను. కంది పూత పట్టిందా? పిల్లలకు దీవెనలు.

మన బావి గట్టు రాతి మీద గాడి ఎంత లోతుందో వేలు పెట్టి చూడు. ముప్పై ఏండ్లు ఆడ నీళ్లు చేదింది నువ్వే. రాతికే గాడి పడితే నీ అరచేతులు ఎట్లున్నాయో, నేను చూడనే లేదు.

వెంకటేశప్ప