సెప్టిమస్ చూసిన పిట్ట

జూన్ 3, సోమవారం. సాయంత్రం 7:00

ఇవాళ్టి నుంచి నేను వేరే మనిషిని! అందుకే ఈ నోట్‌బుక్కు. స్కూలు పిల్లలది, వంద పేజీలు. పన్నెండు రంగుల పెన్సిళ్ళ డబ్బా కూడా కొన్నాను. కొట్లో అమ్మాయి "మనవడికా అంకుల్?" అంది. "నాకే" అన్నాను, ఛాతీ విరుచుకుని.

సంగతేమిటంటే, మా ఆవిడ ఎర్మిన్‌కి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడి కంటికి ఆపరేషను, జూలై 9న. మా ఊరు గ్వావ్ రేవులో సగం పడవల మీద పేర్లూ పువ్వులూ చేపలూ వేసింది తనే. అలాంటిది క్రిస్మస్ నుంచి కుంచె ముట్టలేదు. మనిషి మొహం మీదికొస్తే తప్ప పోల్చుకోలేదు. మొన్న అన్నం దగ్గర అడిగింది:

"రోజుకి ఆరుసార్లు బస్సు తోలుకుంటూ సెయింట్ జార్జెస్‌కి వెళ్తావు, ఆరుసార్లు వస్తావు. దారి పొడుగునా ఓ పక్క సముద్రం, ఓ పక్క కొండ. ఇవాళ ఏం చూశావో ఒక్కటి చెప్పవయ్యా. నీ కళ్ళతో నేనూ చూస్తాను."

చాలాసేపు ఆలోచించాను. "కాంకర్డ్ మలుపులో గుంత పెద్దదైంది" అన్నాను.

పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది. అదే నాకు గుచ్చుకుంది.

కాబట్టి రూల్సు:
1. రోజుకో అందమైనది చూడాలి. చెట్టో, పిట్టో, మబ్బో.
2. ఆ రోజే బొమ్మ గీయాలి.
3. సాయంత్రం ఎర్మిన్‌కి చెప్పాలి.
4. గుంతలు లెక్కలోకి రావు.

ముప్పై ఏడు రోజులు. నల్లేరు మీద బండి నడకే!

జూన్ 4, మంగళవారం

లేచాను! పొద్దున 5:40కి, సూర్యుడికంటే ముందు! రేవులో గూడబాతు ఒకటి పైనుంచి రాయిలా నీళ్ళలో పడింది. లేచాక దాని ముక్కు కింద సంచిలో చేప తన్నుకుంటోంది. యాభై తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను, ఆ సంచి అంత సాగుతుందని ఇవాళే చూశాను. బొమ్మ గీశాను. చెప్పులా వచ్చింది. ఫర్వాలేదు.

సాయంత్రం చెబితే ఎర్మిన్ కళ్ళు మూసుకుని విన్నది. "చేప తోక ఎటు ఉంది, బయటికా లోపలికా?" అని అడిగింది. బయటికి, అన్నాను. అవును, బయటికే!

జూన్ 5, బుధవారం

జాజికాయ చెట్టు. కాయ పగిలి, లోపల ఎర్రటి జాపత్రి. వాన చినుకు దాని మీద నిలబడింది. చెట్టు కింద నేనూ నిలబడ్డాను. బస్సు నాలుగు నిమిషాలు లేటు. రోజూ ముందు సీట్లో కూర్చునే మిస్ ఫిలిసియా, బజార్లో మసాలా దినుసులు అమ్మే పెద్దావిడ, "ఏరా సెప్టిమస్, జాజికాయ ఇప్పుడే కనిపెట్టావా?" అని అరిచింది.

అరవనీ. కళాకారులకి ఇవి మామూలే.

జూన్ 7, శుక్రవారం

రెండు చూశాను! తురాయి పూలు రోడ్డంతా రాలి ఉన్నాయి, ఒకటి. కొండ మీద ఇంద్రధనుస్సు, రెండు. రెండోది రేపటికి జమ. రేపు ఆరింటికి లేస్తే చాలు.

జూన్ 10, సోమవారం

ఏడింటికి లేచాను. శనివారం జమ చేసింది వాడేశాను. ఆదివారం దేవుడి రోజు, రూలు వర్తించదు.

"ఇవాళేం చూశావు?"

"సముద్రం."

"ఎలా ఉంది?"

"తడిగా."

ఎర్మిన్ నా చెయ్యి తడిమి పట్టుకుని గట్టిగా గిల్లింది.

జూన్ 12, బుధవారం

బ్రేకు కీచుమంటోంది. ఆ చప్పుడు వింటూ మనిషి ప్రకృతిని ఎలా చూస్తాడు? చెట్ల కోసం పక్కకి చూస్తే పదిహేనుమంది ప్రాణాలు పోతాయి. నాది చాలా బాధ్యత గల ఉద్యోగం. నిజానికి ఈ నిర్ణయం తీసుకునేటప్పుడే అది ఆలోచించాల్సింది. బొమ్మ లేదు. పెన్సిలు మొన విరిగింది.

జూన్ 13, గురువారం. సాయంత్రం 6:30

ఇంటికొచ్చేసరికి ఎర్మిన్ మెట్ల మీద కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ చేపల పొలుసు తీస్తోంది. "ఇవాళ?" అంది.

ఏమీ చూడలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది: "పిట్ట."

"ఏం పిట్ట?"

"తెలీదు. పసుపు ఛాతీ. ఎర్ర జుట్టు. తోక పొడుగు, రెండు పాయలు, కత్తెరలా."

కత్తి పక్కన పెట్టేసింది. "ఎక్కడ?"

"హాలిఫాక్స్ మలుపులో. సీమపనస కొమ్మ మీద."

"కూసిందా?"

"కూసింది" అని, నేనే కూసి వినిపించాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

మొహం అంత వెలగడం క్రిస్మస్ తర్వాత ఇదే. ఒక్క అబద్ధం. రేపు మళ్ళీ నిజం మొదలెడతాను.

జూన్ 17, సోమవారం

పిట్టకి జోడీ దొరికింది. శుక్రవారం గూడు మొదలెట్టాయి. ఆదివారం సెలవు తీసుకోలేదు, పాపం పని చేశాయి. ఇవాళ మగది కొబ్బరి పీచు తెస్తే ఆడది నచ్చలేదని పారేసింది. "అలా చెయ్యాలి" అంది ఎర్మిన్.

నిజానికి పొద్దున్నే లేవాలి. అబద్ధానికి ఏడింటికి లేచినా చాలు. అయినా ఒకటి రాసుకోవాలి: బస్సు తోలుతున్నంతసేపూ రేపు ఆ పిట్ట ఏం చేస్తుందా అనే ఆలోచిస్తున్నాను. ఇంత సరదా నాకు పాతికేళ్ళుగా లేదు. ఈల కూడా వేస్తున్నానట. మిస్ ఫిలిసియా "ఎవర్తెరా అది?" అంది.

జూన్ 20, గురువారం

కొంప మునిగింది!!

మా బావమరిది ఆలిక్ వచ్చాడు. కొత్త పడవ కట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదిన సెయింట్ పీటర్ పండగకి ఫాదర్ పడవలకి దీవెనలిస్తాడు. ఆలోపు బొమ్మ పడాలి. "అక్కా, నీ కళ్ళు బాగోలేవు కదా, పక్క ఊరు విక్టోరియాలో ఒకతను ఉన్నాడు, అతనికి చెప్తాను" అన్నాడు మెల్లగా.

"నేనే వేస్తాను" అంది ఎర్మిన్. "చిన్న బొమ్మలు వేయలేను. పెద్దది వేస్తాను. మీ బావ చూసిన పిట్ట నా కళ్ళ ముందే ఉంది. కళ్ళు పోయినా అది కనిపిస్తోందిరా."

ఆలిక్ నా భుజం తట్టాడు. "అక్క చేత మళ్ళీ కుంచె పట్టించావు బావా" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు.



జూన్ 22, శనివారం

బస్సుకి సెలవు పెట్టి, రేవులో రోజంతా. ఎర్మిన్ ముక్కు చెక్కకి జానెడు దూరంలో. ఎడం చేత్తో కొలుచుకుంటోంది, కుడి చేత్తో వేస్తోంది. నేను రంగు డబ్బాలు అందిస్తున్నాను. "తోక పాయలు సమానమా, ఒకటి పొట్టిదా?" "సమానమే." "ఎర్రజుట్టు నిక్కినట్టా, వాలినట్టా?" "నిక్కినట్టే."

మూడుసార్లు నిజం చెప్పబోయాను. మూడుసార్లూ తను ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ పాట ఆపే ధైర్యం నాకు లేకపోయింది.

జూన్ 24, సోమవారం

పిట్ట పూర్తయింది. ఐదడుగులు! ఊరంతా వచ్చి చూసింది. వచ్చినవాళ్ళలో మిస్టర్ కాడోర్ కూడా ఉన్నాడు. రిటైరైన ఫారెస్టు గార్డు. చేతులు వెనక్కి కట్టుకుని పావుగంట నిలబడ్డాడు.

"నలభై ఏళ్ళు ఆ కొండల్లో తిరిగాను. ఇలాంటిది చూడలేదు."

"మా ఆయన చూశాడు" అంది ఎర్మిన్. ఎంత గర్వమో. "గూడు కూడా చూశాడు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "బుధవారం పొద్దున నన్ను తీసుకెళ్ళు సెప్టిమస్. పోయేలోపు ఒక్క కొత్త పిట్టని చూడాలి."

సరే, అన్నాను. ఎందుకన్నాను?

జూన్ 26, బుధవారం

కడుపునొప్పి అని చెప్పి పడుకుందామనుకున్నాను. కానీ బస్సు తీయాలి కదా. తీశాను. స్టాపులో మిస్టర్ కాడోర్, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో బైనాక్యులర్స్. పక్కన ఇద్దరు టీచర్లు.

హాలిఫాక్స్ మలుపులో ఆపాను. ముగ్గురూ దిగారు. సీమపనస చెట్టు కేసి చూశారు. చూస్తూనే ఉన్నారు. ముసలాయన నోరు తెరుచుకుని, పిల్లాడిలా.

ఇక తట్టుకోలేకపోయాను. "లేదు సార్. పిట్ట లేదు. నేనే పుట్టించాను."

మిస్ ఫిలిసియా కిటికీలోంచి తల బయటపెట్టి, "అబద్ధాలకి కాళ్ళుండవంటారు. నీ దానికి రెక్కలున్నాయి కదరా!" అంది.

మిస్టర్ కాడోర్ బైనాక్యులర్స్ జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

జూన్ 27, గురువారం

నిన్న ఇంటికి రాగానే ఎర్మిన్‌కి చెప్పేశాను, బస్సులోంచి కబురు రాకముందే. అంతా చెప్పాను. పదమూడో తారీఖు నుంచి.

చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత అంది: "చీకట్లో నాకు భయమేస్తుంది సెప్. ఆపరేషను కుదరకపోతే ఏమిటని. అప్పుడు నీ పిట్టని తలుచుకునేదాన్ని. అది నిజంగా ఉంది కాబట్టి, నేను మళ్ళీ చూస్తాననుకునేదాన్ని."

లేచి గదిలోకి వెళ్ళిపోయింది. ఇవాళ నాకు టీ కూడా ఇవ్వలేదు. ఇవ్వక్కర్లేదు. నోట్‌బుక్కు సొరుగు అడుగున పడేస్తున్నాను. చూడటం, గీయడం, అన్నీ బంద్. నాకు గుంతలే గతి.

జూన్ 28, శుక్రవారం

నోట్‌బుక్కు మళ్ళీ తీశాను. రాయకుండా ఉండలేను, ఇవాళ జరిగింది అలాంటిది.

పొద్దున ఎర్మిన్ ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పరిగెత్తాను. కంచెలు తడుముకుంటూ ఒక్కతే రేవుకి వెళ్ళి, పడవ పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. నేను వెళ్ళేసరికి ఆలిక్ తెల్లరంగు డబ్బాతో ఊగిపోతున్నాడు.

"దీన్ని చెరిపేస్తాను అక్కా! లేని పిట్టని ముందు పెట్టుకుని నేను సముద్రం మీదికెలా పోను?"

"ఏరా, సముద్రంలో ఎవరైనా దాన్ని బర్త్ సర్టిఫికెట్ అడిగారా?"

ఆలిక్ డబ్బా కింద పెట్టాడు.

"తెల్లారినప్పటి నుంచి కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటున్నాను. ఒకడు చిలక అన్నాడు. ఒకామె కోడి అంది. ఒక పసిపిల్ల దేవదూత అంది. ఆగకుండా పోయినవాడు ఒక్కడు లేడు. ఈ పిట్ట అబద్ధమే కావచ్చు, నేను వేసిన బొమ్మ అబద్ధం కాదు. దాని మీద చెయ్యి వేశావో, విరిచేస్తాను."

తర్వాత నా అలికిడి విని తల తిప్పింది. "నువ్వు అబద్ధాలకోరువి."

"అవును."

"జన్మలో ఒక గీత సరిగ్గా గీయని మనిషివి, పిట్టని పుట్టించావు. అదొక్కటీ ఒప్పుకుంటాను. కానీ నాకు చూపిస్తానని చెప్పి మోసం చేశావు, అది మర్చిపోను."

"వద్దు, మర్చిపోవద్దు" అన్నాను. చెయ్యి అందిస్తే పట్టుకుంది. గిల్లలేదు.

జూన్ 29, శనివారం

పండగ! రేవంతా జెండాలు, డప్పులు, వేపిన చేప వాసన. ఫాదర్ ప్రతి పడవ మీదా నీళ్ళు చిలకరించాడు. ఆలిక్ పడవ దగ్గర ఆగి, "ఇదేం పక్షి?" అన్నాడు. రేవంతా ఒక్క గొంతుతో: "సెప్టిమస్!"

ఫాదర్ నవ్వాపుకోలేక నీళ్ళు సగం నా మీద పోశాడు. మిస్టర్ కాడోర్ కూడా వచ్చాడు. దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పాను. "తోక అంత బరువుంటే పిట్ట ఎగరలేదయ్యా. ముందే నన్నడగాల్సింది" అన్నాడు. చాలాసేపు తోకల గురించి పాఠం చెప్పాడు. నేను నోరెత్తకుండా విన్నాను.

జూలై 10, బుధవారం

కట్టు విప్పారు! కుడి కన్ను కనిపిస్తోంది!

ముందు నన్ను చూసింది. "అయ్యో, ఎంత ముసలాడివైపోయావు" అంది. ఆస్పత్రిలోంచి తిన్నగా రేవుకి తీసుకెళ్ళమంది. పడవ ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"దీని కళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉన్నాయేమిటి! ఎవరూ చెప్పలేదే?"

"నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది?"

"దొరికిపోయిన దొంగ మొహంలా ఉంది. అచ్చం నువ్వే." రేవు ఇసకలో కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. కట్టు విప్పిన కన్ను, ఏడవకూడదు, నవ్వకూడదు అని డాక్టరు చెప్పాడు. నేను చెప్పినా వినదు.

జూలై 15, సోమవారం. సాయంత్రం 6:15

మళ్ళీ మొదటి రోజు! ఈసారి వంద రోజులు!

రూల్సు:
1. చూసిందే చెప్పాలి.
2. ఏమీ చూడకపోతే, చూడలేదనే చెప్పాలి.
3. పుట్టించాలనిపిస్తే పుట్టించొచ్చు. ముందే చెప్పి పుట్టించాలి.

మధ్యాహ్నం వాన వెలిసింది. బ్లాక్ బే దగ్గర రోడ్డు మధ్యలో నీలం పీత. పళ్ళెం అంత ఉంది. కడుపు కింద గుడ్ల గుత్తి. సముద్రానికి పోతోంది. నేను బ్రేకు వేస్తే, ఒక్క పెద్ద డెక్క పైకెత్తి బస్సునే బెదిరించింది! వెనక బళ్ళన్నీ హారన్లు. మిస్ ఫిలిసియా గొడుగు పుచ్చుకుని దిగి, లారీకి అడ్డంగా నిలబడింది: "ఆగండ్రా! నిండు చూలాలు పోతోంది, కనబడటం లేదూ?" పీత దాటేదాకా బస్సంతా కిటికీల్లోనే. ఆరు నిమిషాలు లేటు. ఒక్కరూ గొణగలేదు.

ఇంటికొస్తే ఎర్మిన్ మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో బల్లచెక్క పెట్టుకుని ఏదో గీస్తోంది. పక్కన జరిగి చోటిచ్చింది.

"ఇవాళేం చూశావు?"

"నీకు కన్నొచ్చిందిగా! ఇంకా నేను చెప్పడమేమిటి?"

"నేను బస్సులో లేనుగా" అంది. "చెప్పు. ఏ రంగు?"

నీలం, అన్నాను. కూర్చుని మొదలుపెట్టాను.