గట్టి షాకులా, మెత్తవా

నాయనా శ్రీధర్,

నీ సంవత్సరీకం అయ్యాక నీ ఎర్ర స్పోర్ట్స్ కారు మీద కప్పిన పట్టా తీశాం. ఏడాదిపాటు మిరపకాయల షెడ్డులో కదలకుండా ఉండేసరికి షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోయింది. నీ కూతురు హరిత నన్ను వెంటబెట్టుకుని గుంటూరులో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లింది.

ముందు చక్రాల షాకులు, వాటిని స్ట్రట్లంటారట, వెనకవీ అన్నీ మార్చాలన్నాడతను. "మెత్తవి వేస్తే మీ నడుముకి సుఖం మామ్మగారూ. గట్టివైతే ప్రతి గుంతా తెలుస్తుంది. కానీ మలుపులో బండి రోడ్డు వదలదు."

"గట్టివే నాయనమ్మా! నాన్నలాగే నడుపుతా," అంది హరిత.

"మెల్లగా పొమ్మని మీ నాన్నకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇక నీకూ చెప్పాలా?"

"చెప్పు. వింటానేమో!" అని నవ్వింది. అచ్చం నీ నవ్వే.

నువ్వు గుండెపోటుతో పోయావు, కారులో కాదు. అయినా నాకు భయమే. దాని చేతిలోంచి తాళాలు లాక్కోలేను. మెల్లగా వెళ్లమంటే వినదు. మెకానిక్కు నా జవాబు కోసం చూస్తున్నాడు.

"నా నడుము సంగతి నేను చూసుకుంటాను బాబూ. రోడ్డు వదలనివే వెయ్యి," అన్నాను.

మీ అమ్మ