బావి నీళ్ళతో గంజి పెట్టిన నూలు

బావా,

అల్యూమినా కార్ఖానా ఎర్రబురద మన బావిలోకి ఎందుకు దిగుతోందని అడిగినందుకు, అన్నల మనిషివంటూ పోలీసులు నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది, ఇప్పటికీ నీ జాడ లేదు. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను.

పొద్దున బావి నీళ్ళు చూడటానికి ఆఫీసరు ఊళ్ళోకి వచ్చాడు. "నీళ్ళు మంచిగనే ఉన్నయి గదా?" అన్నాడు. ఆ నీళ్ళతో గంజి పెట్టి ఆరేసిన పడుగు నూలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పట్టుకుని లాగితే, గంజికి గట్టిపడాల్సిన పోగులన్నీ పుటుక్కుమన్నాయి.

"గీ పరీక్ష నీకెవలు నేర్పిండ్రు?"

"మా బావ," అన్నాను, తల ఎత్తకుండానే.

నీ పేరడిగి రాసుకున్నాడు.

"పేరెందుకు చెప్పినవ్ బిడ్డా? మళ్ల పోలీసులు అస్తరు గదనే!" అంది అత్తమ్మ.

అప్పటినుంచి జీపు చప్పుడైనప్పుడల్లా, నువ్వు ఇంట్లో ఉన్నావనుకుంటారేమోనని, గడపలో ఉన్న నీ చెప్పులు లోపల దాస్తున్నాను.